తాళంచెవి ఎవరి దగ్గరుంది?

"స్టోరేజ్ దాదాపు నిండిపోయింది" అని ఫోన్‌లో ఎర్ర గీత కనబడగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. వాట్సాప్ తెరిచి గుడ్ మార్నింగ్ గులాబీలు, ఫ్యామిలీ గ్రూపులో ఏడుగురు పంపిన ఒకే పెళ్లి ఫొటో, ఎప్పుడో ఫార్వర్డ్ అయిన వంటింటి చిట్కాల వీడియోలు ఏరి ఏరి తీసేస్తాం. రెండు రోజులు ప్రశాంతంగా ఉంటుంది. మూడో రోజు మళ్లీ అదే గీత. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "క్లౌడ్‌లో పెట్టెయ్ రా, గొడవ వదిలిపోతుంది" అని.

వదిలిపోతుందా? పాతది కొంత వదులుతుంది, కొత్తది కొంత వచ్చి చేరుతుంది. ఈ వారం ఆ లెక్క చూద్దాం. గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్... పేర్లు వేరైనా చేసే పని ఒకటే కాబట్టి అన్నిటినీ కలిపే మాట్లాడతాను. గూగుల్ మాట కాస్త ఎక్కువ వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ కొన్న రోజునే మనమంతా అడగకుండానే వాళ్ల ఖాతాదారులమైపోయాం మరి.

క్లౌడ్ అనే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, చాలామందిని తికమక పెట్టాడు. పైన మేఘాల్లో ఏమీ ఉండదు. ఉండేదంతా నేల మీదే. పెద్ద పెద్ద షెడ్లలాంటి భవనాలు, వాటి నిండా హార్డ్ డిస్కులు, వాటిని చల్లబరచడానికి రాత్రీపగలూ తిరిగే యంత్రాలు. మన ఊళ్లకు దూరమైన సంగతి కూడా కాదిది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్లను తెరిచింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కూడా అక్కడే కట్టబోతున్నట్టు చెప్పింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అలాగని విశాఖవాళ్ల సెల్ఫీలు విశాఖలోనే ఉంటాయని కాదు. ఏ ఫైలు నకలు ఎక్కడుందో మనకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటి: అది వేరేవాళ్ల కంప్యూటరు. మనం అందులో అద్దెకున్నాం.

అద్దె ఇంట్లో సుఖాలు లేవా అంటే బోలెడున్నాయి. ముందు అవే చెబుతాను.

డ్రాప్‌బాక్స్ పుట్టిన కథ టెక్ ప్రపంచంలో చాలాసార్లు చెప్పుకునేదే. అమెరికాలో ఎంఐటీలో చదివిన డ్రూ హ్యూస్టన్ అనే కుర్రాడు బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు బస్సెక్కాడు. దారిలో పని చేసుకుందామని చూస్తే పెన్‌డ్రైవ్ ఇంట్లో మర్చిపోయాడు. ఆ విసుగులోంచే, ఫైలు ఎక్కడినుంచైనా అందాలి అనే ఆలోచన వచ్చి 2007లో కంపెనీ పెట్టాడు. ఇప్పుడు మనకు అది వింతగా అనిపించదు గానీ, నెట్ సెంటర్‌లో రెజ్యూమె ప్రింటు తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, దాంతోపాటు వైరస్‌ను ఇంటికి తెచ్చుకున్న తరాన్ని అడగండి, దాని విలువేంటో చెబుతారు.

నా స్నేహితుడొకడు పాపికొండల బోటులో సెల్ఫీ దిగుతూ ఫోన్‌ను గోదారి తల్లికి సమర్పించుకున్నాడు. నాలుగేళ్ల ఫొటోలు, కూతురు మొదటిసారి నడిచిన వీడియో, అన్నీ అందులోనే. ఒడ్డుకొచ్చాక అతని ముఖం చూడలేకపోయాం. మర్నాడు రాజమండ్రిలో కొత్త ఫోన్ కొని, డూప్లికేట్ సిమ్ వేసి, జీమెయిల్‌తో లాగిన్ అయ్యాడు. పది నిమిషాలకు పిల్ల తప్పటడుగుల వీడియో స్క్రీన్ మీదకు వచ్చింది. షాపు కుర్రాడికి కూడా చూపించాడు. క్లౌడ్ గురించి నేను ఎన్ని లోపాలు చెప్పినా ఆ పది నిమిషాల విలువను మాత్రం తగ్గించి మాట్లాడను. (ఒక్క రోజు ఎందుకు ఆగాల్సి వచ్చిందో గమనించారా? లాగిన్‌కు ఓటీపీ అడిగింది. ఓటీపీ వచ్చే సిమ్ గోదాట్లో ఉంది. ఈ సంగతి మళ్లీ చెప్పుకుందాం.)

కాగితాల విషయంలో అయితే ప్రభుత్వం వాళ్ల డిజిలాకర్ ఉంది. 2015 జులై 1న మొదలైంది. చాలామంది దీన్ని ఇంకో డ్రైవ్ అనుకుంటారు, కాదు. ఇందులో రెండు అరలుంటాయి. బోర్డు, ఆర్టీవో, ఆధార్ సంస్థ నేరుగా పంపే పత్రాలు ఒక అరలో. మీరు ఫొటో తీసి పెట్టుకునేవి ఇంకో అరలో. మొదటి అరలో వచ్చిన మార్కుల మెమో, డ్రైవింగ్ లైసెన్సు ఐటీ చట్టం ప్రకారం అసలు పత్రంతో సమానం. రెండో అరలోవి మామూలు స్కాన్ కాపీలే. ట్రాఫిక్ పోలీసుకు గ్యాలరీలోని లైసెన్సు ఫొటో చూపించి "డిజిటల్ అండీ" అని వాదించే కుర్రాళ్లను చూస్తుంటాను. డిజిలాకర్ యాప్‌లో తెరిచి చూపిస్తే వాదనే అక్కర్లేదు. కౌన్సెలింగ్ సీజన్ వచ్చేదాకా ఆగకుండా టెన్త్, ఇంటర్ మెమోలు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి.

ఇక అసలు చిక్కుల్లోకి వద్దాం. మొదటిది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: సింక్‌కీ బ్యాకప్‌కీ తేడా తెలియకపోవడం.

మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్ నిండిపోయిందని గూగుల్ ఫొటోస్ తెరిచి, మూడు వేల ఫొటోలు సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కబోతోంది. "మామయ్యా, పైన కాపీ ఉంటుంది కదా, ఫోన్‌లోవి తీసేస్తున్నా" అంది. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఎందుకంటే బ్యాకప్ అయిన ఫొటోను ఆ యాప్‌లో మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, పైనా పోతుంది. ఈ రెండూ ఒకదాని నీడలో ఒకటి నడుస్తుంటాయి. ఇక్కడ చెరిపితే అక్కడ చెరుగుతుంది. దీన్నే సింక్ అంటారు. బ్యాకప్ అంటే వేరు. ఇక్కడ ఏం జరిగినా అక్కడి కాపీ కదలకుండా ఉండాలి.

ఫోన్‌లో మాత్రమే తీసేయాలంటే అదే యాప్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే బటన్ ఉంటుంది. అది నొక్కితే, ఇప్పటికే పైకి చేరినవాటిని మాత్రమే ఫోన్‌లోంచి తీసేస్తుంది. రెండు బటన్లూ ఒకే యాప్‌లో, రెండూ "ఖాళీ చేసే" బటన్లే. కానీ ఒకటి సామాను అటక మీదకు చేరుస్తుంది, ఇంకోటి వీధిలో పారేస్తుంది. పొరపాటున పారేసినా కంగారు పడకండి, కాస్త గడువుంది. గూగుల్ ఫొటోస్ చెత్తబుట్టలో బ్యాకప్ అయిన ఫొటోలు 60 రోజులుంటాయి. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే. ఆ తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నా కష్టమే.

ఇంకో భ్రమ. "నా ఫోన్‌లోవన్నీ బ్యాకప్ అవుతున్నాయి" అని. నిజంగానా? మామూలుగా బ్యాకప్ ఆన్ చేస్తే కెమెరాతో తీసినవి వెళ్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డరు, స్క్రీన్‌షాట్ల ఫోల్డరు విడివిడిగా ఆన్ చేయాలి. మన జీవితంలో సగం ఫొటోలు వేరేవాళ్లు తీసి వాట్సాప్‌లో పంపినవే కదా! ఒకసారి గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో బ్యాకప్‌లోకి వెళ్లి, ఏయే ఫోల్డర్లు ఆన్‌లో ఉన్నాయో చూడండి. ఆ పని చేసి వచ్చి మిగతాది చదివినా నేనేమీ అనుకోను.

డబ్బు సంగతి. ఉచితం అని మొదలుపెట్టినవేవీ ఉచితంగా మిగల్లేదు. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు కాస్త సైజు తగ్గించిన ఫొటోలు ఎన్నయినా ఉచితం అన్నారు. దేశమంతా పోసేశాం. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. కొత్తగా పెట్టే ప్రతి ఫొటో 15 జీబీ లెక్కలోకే వస్తోంది. మైక్రోసాఫ్ట్ వాళ్లూ అంతే, వన్‌డ్రైవ్ ఉచిత వాటాను 2016లో 15 జీబీ నుంచి 5 జీబీకి కోశారు. ఐక్లౌడ్ మొదటినుంచీ 5 జీబీయే. అంతవరకు నయం, ఆశపెట్టి లాక్కోలేదు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ చాట్ బ్యాకప్ చాలాకాలం లెక్కలోకి రాకుండా ఉండేది. ఇప్పుడు అదీ మీ గూగుల్ వాటాలోంచే పోతోంది.

ఆ 15 జీబీ కూడా జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. ఉమ్మడి కుటుంబంలో ఒకటే బీరువాలాగ. ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియో తీస్తే నిమిషానికి వంద ఎంబీ చుట్టూ అవుతుంది. అంటే 15 జీబీలో పట్టేది రెండున్నర గంటల వీడియో. ఒక తెలుగు సినిమా నిడివి! అన్నయ్య పెళ్లి సంగీత్ ఒక్కటి చాలు నింపడానికి. నిండితే ఏమవుతుందో తెలుసా? కొత్త ఫొటోలు ఎక్కవు. అంతవరకు ఫరవాలేదు. కొత్త మెయిళ్లు కూడా రావు. ఇంటర్వ్యూ కాల్ లెటర్ పంపినవాళ్లకు అది వెనక్కి తిరిగొస్తుంది, మీకు మాత్రం తెలియదు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట కోసమైనా ఇవాళ స్టోరేజ్ ఎంత మిగిలిందో చూసుకోవాలి. నిండిపోయిన ఖాతాను రెండేళ్లపాటు అలాగే వదిలేస్తే లోపలున్నవాటిని తీసేసే హక్కు కూడా కంపెనీ తన షరతుల్లో రాసుకుంది.

మరి కొనాలా? గూగుల్‌లో 100 జీబీ చాలాకాలంగా నెలకు 130 రూపాయల చొప్పున నడుస్తోంది. రెండు ప్లేట్ల బిర్యానీ కూడా రాదు ఆ డబ్బుకు, నిజమే. కానీ ఇది ఒక నెలతో పోయే ఖర్చు కాదు. ఏడాదికి 1560, పదేళ్లకు 15,600. మధ్యలో మానేద్దామంటే కుదరదు. సామాను పెరిగిపోయి ఉంటుంది, దించే చోటుండదు. ఒక టీబీ హార్డ్ డిస్కు, అంటే దీనికి పది రెట్లు, అయిదు వేల చుట్టూ ఒక్కసారి పెడితే ఇంట్లో ఉంటుంది. అలాగని హార్డ్ డిస్కే మేలు అననూ లేను. కింద పడితే పోతుంది, ఇల్లు మునిగితే పోతుంది, దొంగ ఎత్తుకెళ్తే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీల్లోకి వచ్చినప్పుడు బీరువాల్లో తడిసిన పెళ్లి ఆల్బమ్‌లు గుర్తున్నాయా? హార్డ్ డిస్కుకు ఈత రాదు. అందుకే నా మాట: కుదిరితే రెండూ ఉంచుకోండి. ఒకటే అంటే, ఎక్కువ తిరిగేవాళ్లు క్లౌడ్, ఎక్కువ వీడియో తీసేవాళ్లు హార్డ్ డిస్కు.

నెట్ లెక్క కూడా మరిచిపోకూడదు. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు ఇది సమస్యే కాదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ మీద బతికేవాళ్లు 20 జీబీ పైకి ఎక్కించాలంటే రీల్స్ పూర్తిగా మానేసినా రెండు వారాలు పడుతుంది. హాస్టల్లో ఉండేవాళ్లకు ఇది తెలిసిన బాధే. బ్యాకప్‌ను "వైఫైలో మాత్రమే" అని పెట్టుకుని, ఆ వైఫై దగ్గరకు ఎప్పుడూ వెళ్లని ఫోన్లు నేను చాలా చూశాను. బ్యాకప్ ఆన్‌లోనే ఉంటుంది, పైకి మాత్రం ఏడు నెలలుగా ఒక్కటీ ఎక్కి ఉండదు.

సరే, ఇవన్నీ చిన్న విషయాలు. ఇప్పుడు తాళంచెవి సంగతి.

క్లౌడ్‌లో ఉన్నదంతా ఒక ఖాతాకు వేలాడుతూ ఉంటుంది. ఖాతా పోయిందంటే లోపలున్న ఫైళ్లన్నీ భద్రంగానే ఉంటాయి, మనకు మాత్రం అందవు. ఖాతా మూడు రకాలుగా పోతుంది. ఎవరో లాక్కుంటారు, కంపెనీ మూసేస్తుంది, లేదా ఖాతాదారుడే లేకుండా పోతాడు.

లాక్కోవడానికి మహా హ్యాకర్లే కానక్కర్లేదు. 2014లో హాలీవుడ్ నటీమణుల సొంత ఫొటోలు ఐక్లౌడ్ ఖాతాల్లోంచి బయటకొచ్చాయి. గుర్తుండే ఉంటుంది. ఆపిల్ గోడలు పగలగొట్టి ఏమీ తీయలేదు వాళ్లు. కంపెనీ నుంచి వచ్చినట్టు దొంగ మెయిళ్లు పంపి, పాస్‌వర్డులు ఆ నటీమణుల చేతే టైపు చేయించారు. మన దగ్గర "మీ కేవైసీ అప్‌డేట్ చేయండి" అనే మెసేజీలకు అన్నలాంటిది అది. కాబట్టి రెండంచెల తాళం, అదే టూ స్టెప్ వెరిఫికేషన్, తప్పకుండా ఆన్ చేయండి. అక్కడే "బ్యాకప్ కోడ్స్" అని పది నంబర్లు ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో రేషన్ కార్డు, ఆధార్ పెట్టేచోట పెట్టండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోవడం దండగ. పోయేది ఫోనే కదా! గోదాట్లో సిమ్ పారేసుకున్న నా స్నేహితుడి దగ్గర ఆ కాగితం ఉండుంటే ఒక రోజు ఆగాల్సిన పనుండేది కాదు.

లాక్కోకుండానే బయటపడే దారి ఇంకోటుంది, మనమే తెరిచిపెట్టేది. ఫైలు షేర్ చేసేటప్పుడు "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టేస్తాం. ప్రాజెక్టు రిపోర్టుకు ఫరవాలేదు. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉన్న ఫోల్డరుకు అదే పెట్టి, ఇల్లు అద్దెకిప్పించే బ్రోకరుకు వాట్సాప్‌లో పంపుతారు. ఆయన ఎవరికి పంపాడో, వాళ్లు ఇంకెవరికి పంపారో! పని అయ్యాక ఆ షేరింగ్ ఆపేసేవాళ్లు ఎంతమంది? డ్రైవ్‌లో మీ పాత ఫోల్డర్లు ఒక్కొక్కటి తెరిచి చూడండి, మూడేళ్ల కిందటి తలుపులు ఇంకా బార్లా తెరిచే ఉంటాయి.

కంపెనీ మూసేయడం అరుదు. కానీ జరిగితే దిక్కు తోచదు. 2022లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక కథనం రాసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి. చంటి పిల్లాడికి ఇన్ఫెక్షన్ వస్తే, డాక్టరుకు పంపడానికి ఆ చోట ఫొటో తీశాడు. అది తనంతట తాను గూగుల్ క్లౌడ్‌లోకి ఎక్కింది. అక్కడి యంత్రం దాన్ని పిల్లలపై అఘాయిత్యం ఫొటోగా పట్టుకుంది. ఖాతా మూసేశారు. మెయిళ్లు, కాంటాక్టులు, పిల్లాడి పుట్టుకనుంచి తీసిన ఫొటోలు, ఆఖరికి ఫోన్ నంబరు కూడా పోయింది, అదీ గూగుల్ సర్వీసే కాబట్టి. పోలీసులు విచారించి తప్పేమీ లేదన్నారు. అయినా ఖాతా తిరిగి ఇవ్వలేదు. అలాంటి ఫొటోలను పట్టుకునే ఏర్పాటు ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. పోలీసులే కాదన్నాక కూడా వినే మనిషి అవతల లేకపోవడమే భయం. బ్యాంకు లాకర్‌కు తాళం వేస్తే వెళ్లి మేనేజరుతో పోట్లాడొచ్చు. ఇక్కడ పోట్లాడటానికి కౌంటరేదీ?

ఇక ఆ పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు అయినా పొరపాట్లకు అతీతులా అంటే, కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీ అంటుకుంది. ఉద్యోగులు ఆఫీసు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు, అంటే మన ఉచిత 15 జీబీ ఖాతాలు యాభై ఏడు వేలు నిండేంత. మరీ పెద్దదని దానికి వేరే చోట బ్యాకప్ పెట్టలేదట! ప్రపంచానికి ఫోన్లు, మెమరీ చిప్పులు అమ్మే దేశం అది. అంతకు ముందు ఏడాది, 2024 మే నెలలో, ఆస్ట్రేలియాలో ఆరు లక్షలమంది పెన్షన్ డబ్బు చూసే యూనిసూపర్ సంస్థ క్లౌడ్ మొత్తం గూగుల్ వైపు జరిగిన ఒక సెట్టింగ్ పొరపాటుతో చెరిగిపోయింది. వాళ్లు బతికి బయటపడింది ఎలాగంటే, ఇంకో కంపెనీ దగ్గర కూడా ఒక కాపీ పెట్టుకున్నారు కాబట్టి. రెండు దేశాలు, రెండు ప్రమాదాలు. తేడా అంతా ఆ రెండో కాపీలోనే ఉంది.

మూడోది, ఖాతాదారుడే లేకపోవడం. ఇది మా ఇంట్లోనే చూశాను.

మా బాబాయి పోయి ఏడాది దాటింది. తుని దగ్గర స్కూలు మాస్టారు. చేతిలో ఎప్పుడూ ఫోనే. పొలం గట్లు, స్కూలు పిల్లలు, మామిడి పూత, పిన్ని ఆవకాయ కలుపుతున్నప్పుడు తెలియకుండా తీసిన ఫొటోలు... ఫోన్ నిండినప్పుడల్లా పైకి ఎక్కించి కింద ఖాళీ చేసేవాడు. పద్ధతి తెలిసిన మనిషి. ఆయన పోయాక ఫోన్‌ను పిల్లలు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశారు. సిమ్ రీచార్జ్ చేయక నంబరు పోయింది. సంవత్సరీకానికి గోడమీద పెట్టడానికి మంచి ఫొటో కావాల్సి వచ్చింది.

"ఏరా, మీ బాబాయి ఫొటోలన్నీ పైన ఎక్కడో ఉన్నాయంటగా, దించిపెట్టవూ" అంది పిన్ని.

"పాస్‌వర్డ్ కావాలి పిన్నీ."

"ఆయనకు తెలుసు కదరా" అంది. వెంటనే తనే ఊరుకుంది.

ఆ కంపెనీకి మరణ ధ్రువీకరణ పత్రం, పిన్ని గుర్తింపు కార్డు జతచేసి అర్జీ పెట్టాం. వారాల తర్వాత నాలుగు వాక్యాల ఇంగ్లిష్ జవాబు వచ్చింది. ఖాతాదారు గోప్యత ముఖ్యమని, ఇవ్వలేమని. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ నిదానంగా ఆలోచిస్తే వాళ్ల వాదనలో బొత్తిగా అన్యాయమూ లేదు. చచ్చిపోయారని కాగితం చూపించిన ప్రతివాడికీ ఖాతా తెరిచిస్తే రేపు మన గతేంటి? మనిషి బతికుండగా చెప్పిపెట్టాల్సిన విషయం అది, మనకు చెప్పిపెట్టే అలవాటు లేదు. చివరికి గోడమీదకు ఓటరు కార్డులోని ఫొటోను పెద్దది చేయించారు. వేలకొద్దీ ఫొటోలు తీసిన మనిషికి అదీ దక్కింది.

గడియారం కూడా తిరుగుతోంది. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసేయడం గూగుల్ 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. మిగతా కంపెనీలకూ ఇలాంటి గడువులే ఉన్నాయి.

దీనికి ముందే చేసుకునే ఏర్పాట్లున్నాయి, ఎవరూ వాడరు. గూగుల్‌లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని 2013 నుంచీ ఉంది. మీరు మూడు నెలలో, ఆరు నెలలో, ఏడాదో, ఏడాదిన్నరో ఖాతా ముట్టుకోకపోతే ఎవరికి చెప్పాలి, వాళ్లకు ఏమేం ఇవ్వాలి అన్నది రాసిపెట్టొచ్చు. పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఫొటోలు అమ్మకు, డ్రైవ్ అన్నయ్యకు, మెయిళ్లు ఎవరికీ వద్దు, ఇలా విడివిడిగా కూడా. ఐఫోన్ వాళ్లకు "లెగసీ కాంటాక్ట్" అనేది 2021 డిసెంబరులో వచ్చింది. మీరు ఎంచుకున్న మనిషికి ఒక కోడ్ వెళ్తుంది. ఆ కోడ్, మరణ పత్రం రెండూ ఉంటే ఆపిల్ తలుపు తీస్తుంది. పాతికేళ్లవాళ్లకు ఈ మాటలెందుకు అంటారా? సరే, మీకు వద్దు. మీ నాన్నగారి ఫోన్ తీసుకుని ఆయన పక్కన కూర్చుని చేయించండి. "నాకేమవుతుందని రా ఇప్పుడు" అని ఆయన కసురుకుంటారు. కసరనివ్వండి. కారణం చెప్పడం కష్టమైతే "ఫోన్ పోతే పనికొస్తుంది నాన్నా" అనండి, అబద్ధమేమీ కాదు. పనిలో పనిగా ఆ పది బ్యాకప్ కోడ్లు కూడా రాసి పెట్టండి.

కాలేజీవాళ్లకు ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో వచ్చిన డ్రైవ్ మీది కాదు, కాలేజీది. చదువైపోయాక కొన్నాళ్లకు మూసేస్తారు. ఎప్పుడు మూయాలన్నది వాళ్ల ఇష్టం. నాలుగేళ్ల ప్రాజెక్టులు, ఫెస్ట్ ఫొటోలు, గైడ్‌తో నడిచిన మెయిళ్లు అందులోనే ఉంటాయి. ఆఫీసు ఐడీ అయితే మరీ ఘోరం, రాజీనామా ఆఖరి రోజు సాయంత్రానికే లాగిన్ అవ్వదు. గూగుల్‌లో "టేకౌట్" అని ఉంది, మీ ఖాతాలోని సరుకంతా జిప్ ఫైళ్లుగా కట్టి ఇస్తుంది. కాలేజీ వాళ్లు అనుమతిస్తే, విద్యార్థి ఖాతాలోంచి సొంత జీమెయిల్‌కు నేరుగా పంపే దారి కూడా ఉంది. మూట పెద్దదైతే తయారవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. డౌన్‌లోడ్ లింకు వారం రోజులే పనిచేస్తుంది. కాబట్టి ఫేర్‌వెల్ పార్టీ నాటి రాత్రి మొదలుపెడదాం అనుకోకండి. ఆఖరి సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చిన రోజు మొదలుపెట్టండి, హాస్టల్ వైఫై ఖాళీగా ఉండే తెల్లవారుజామున అయితే ఇంకా మంచిది.